మోటార్ కంటే ముందు బ్రేకు: నా రికంబెంట్ ట్రైక్ అనుభవం

నడుము నొప్పి వల్ల మామూలు సైకిల్ వదిలేసి రికంబెంట్ ట్రైక్‌కి మారాను. వెనక్కి వాలి కూర్చుని, కాళ్ళు ముందుకు చాపి తొక్కే మూడు చక్రాల బండి అది. నాది టాడ్‌పోల్ రకం. పేరుకు తగ్గట్టే తోకకప్పలా ముందు వెడల్పు, వెనుక సన్నం. ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి, మూడూ 20 అంగుళాలవే. కూర్చున్న మొదటి రోజే నడుము హాయిగా ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడే ఇబ్బంది. మామూలు సైకిల్ మీదైతే లేచి నిలబడి ఒంటి బరువంతా పెడలు మీద వేయొచ్చు. ఇందులో ఆ వీలు లేదు, మొత్తం మోకాళ్ళే మోయాలి. రెండో నెలకే మోటార్ పెట్టించాలని నిర్ణయించుకున్నాను.

నేను అడిగిన మొదటి ప్రశ్న అందరూ అడిగేదే: "ఎన్ని వాట్ల మోటార్ కావాలి?" మూడు వారాలు ఆ ప్రశ్న పట్టుకునే తిరిగాను. 250, 500, 1000 అని అంకెలు చూస్తున్నానే తప్ప, ఏది ఎందుకో తెలియలేదు. నాకంటే ముందు నుంచి ట్రైక్ నడుపుతున్న మిత్రుడు ఒకడున్నాడు. అంతా విని ఒక్క మాట అన్నాడు: "ఎక్కడం గురించే మాట్లాడుతున్నావు. ఎక్కినదంతా మళ్ళీ దిగాలి కదరా. ముందు బ్రేకు సంగతి తేల్చుకో, మోటార్ దానంతటదే తేలుతుంది."

ఆ మాట అప్పుడు పూర్తిగా బుర్రకెక్కలేదు. కానీ ఆ రోజు ఇంటికి రాగానే చేసిన మొదటి పని, అన్నీ తూకం వేయడం. నేను 82 కిలోలు. ట్రైక్ 19. మోటార్, బ్యాటరీ, మోటార్‌కి వెళ్ళే కరెంటుని అదుపు చేసే కంట్రోలర్ కలిపి 9 వేసుకున్నాను. సంచులు, నీళ్ళు, పనిముట్లు, మడత కుర్చీ అన్నీ కలిపి ఇంకో 20. మొత్తం 130 కిలోలు. ఈ ఒక్క అంకె తెలిశాక మిగతా లెక్కలన్నీ కాగితం మీదే వచ్చేశాయి.

నేను రోజూ వెళ్ళే దారిలో పెద్ద ఎత్తు 8 శాతం ఉంటుంది, అంటే వంద మీటర్లు పోతే ఎనిమిది మీటర్లు పైకి. 130 కిలోలు ఆ ఎత్తు ఎక్కాలంటే వెనక్కి లాగే బలం దాదాపు 102 న్యూటన్లు. టైర్ల రాపిడికి ఇంకో పది. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే చక్రం దగ్గర కావాల్సింది సుమారు 370 వాట్లు. అందులో వంద నా కాళ్ళు ఆయాసపడకుండా ఇస్తాయి. మోటార్ ఇవ్వాల్సింది 270. వెయ్యి వాట్ల మోటార్ల చుట్టూ తిరిగిన నాకు ఈ అంకె చూసి ఆశ్చర్యమేసింది.

అసలు చూడాల్సింది వాట్లు కాదు, టార్క్, అంటే ఇరుసు దగ్గర చక్రాన్ని తిప్పే బలం. చక్రం చిన్నదయ్యేకొద్దీ అదే తోపుకి తక్కువ టార్క్ చాలు. నా 20 అంగుళాల చక్రం వ్యాసార్ధం టైరుతో కలిపి 24 సెంటీమీటర్లు. మోటార్ వాటా తోపు 82 న్యూటన్లు అనుకుంటే కావాల్సిన టార్క్ 20 న్యూటన్ మీటర్లు. అదే వెనుక 26 అంగుళాల చక్రం ఉన్న ట్రైక్‌కైతే 27 కావాలి. చక్రం మధ్యలోనే ఉండే హబ్ మోటార్‌కి గేర్లు మార్చుకునే వీలు లేదు కాబట్టి చిన్న చక్రమే దానికి గేరు. నా బండికి 20 అంగుళాల చక్రం ఉండడం అదృష్టమని అప్పుడే తెలిసింది.

మోటార్ ఎక్కడ పెట్టాలన్నది తేలడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. టాడ్‌పోల్‌లో ముందు చక్రాలు రెండూ ఒకవైపు మాత్రమే పట్టి ఉండే ఇరుసు మీద తిరుగుతాయి. అలాంటి ఇరుసుకి సరిపోయే హబ్ మోటార్లు అరుదు. పైగా ఒక్క చక్రానికే పెడితే బండి పక్కకు లాగుతుంది, రెండు పెడితే కంట్రోలర్లూ రెండు కావాలి. పెడళ్ళ దగ్గర పెట్టే మిడ్ డ్రైవ్ మోటార్ గురించి మాత్రం చాలా ఆలోచించాను. గేర్లన్నీ దానికి అందుబాటులో ఉంటాయి, ఎంత ఎత్తయినా ఎక్కుతుంది. కానీ ట్రైక్ చైను మామూలు సైకిల్ చైనుకి దాదాపు మూడింతలు పొడవు, కప్పీల మీదుగా, గొట్టాల్లోంచి వస్తుంది. మోటార్ బలం, నా బలం రెండూ ఆ చైను మీదే పడడం నాకు ఇష్టం లేకపోయింది. అన్నిటికంటే, మిడ్ డ్రైవ్ దిగుడులో బండిని పట్టి ఉంచలేదు. అందుకే వెనుక చక్రంలో హబ్ మోటార్ అని ఖాయం చేసుకున్నాను.

హబ్ మోటార్‌లో రెండు జాతులు. డైరెక్ట్ డ్రైవ్‌లో లోపల గేర్లుండవు. చక్రం ఎంత తిరిగితే మోటార్ అంతే తిరుగుతుంది. బరువెక్కువ, కానీ శబ్దం ఉండదు, అరిగే భాగాలు దాదాపు లేవు, వెనక్కి కరెంటు తోస్తూ బ్రేకులా కూడా పనిచేస్తుంది. రెండోది గేర్డ్ మోటార్. లోపలి భాగం చక్రం కంటే దాదాపు అయిదు రెట్లు వేగంగా తిరుగుతుంది, గేర్లు ఆ వేగాన్ని తగ్గించి టార్క్ పెంచుతాయి. తేలిక, ఎత్తులో బలం. అయితే సాధారణంగా లోపల క్లచ్ ఉంటుంది, చక్రం తిరిగి మోటార్‌ని తిప్పకుండా అది విడదీస్తుంది కాబట్టి బ్రేకులా వాడలేం.

మిత్రుడి ట్రైక్‌కి వెనుక డైరెక్ట్ డ్రైవ్, ముందు చక్రాలకి డ్రమ్ బ్రేకులు. ఒక రోజంతా నాకు ఇచ్చాడు. ఆ ఒక్క రోజు నాకు నేర్పినది మూడు వారాల చదువు నేర్పలేదు.

ఎత్తు ఎక్కేటప్పుడు మొదట అంతా బాగానే ఉంది. మధ్యలో ఎత్తు ఇంకా నిటారుగా అయ్యే చోట వేగం గంటకు ఆరు కిలోమీటర్లకి పడిపోయింది. రెండు చక్రాల సైకిలైతే ఆ వేగంలో తూలిపోతాం, దిగి తోస్తాం. ట్రైక్ తూలదు. సీట్లో హాయిగా కూర్చుని, థ్రాటిల్ నొక్కి పట్టుకుని, నత్తలా ఎక్కుతూ పోవచ్చు. ఆ సుఖంలోనే మోటార్‌కి గండం ఉంది. అంత నెమ్మదిగా తిరిగే డైరెక్ట్ డ్రైవ్‌లోకి వెళ్ళే కరెంటులో ఎక్కువ భాగం తీగచుట్టని వేడెక్కించడానికే పోతుంది. మిత్రుడు మోటార్ లోపల ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టించుకున్నాడు కాబట్టి నాకు కళ్ళకు కనిపించింది: మొదట్లో 41 డిగ్రీలు, పావుగంట తర్వాత పైకి చేరేసరికి 112. బండి ఆపి వెనక్కి వంగితే వార్నిష్ కాలిన వాసన సన్నగా వస్తోంది. ఆ వాసన గుర్తుంది నాకు, ఇప్పటికీ.

అరగంట చల్లారనిచ్చి దిగడం మొదలుపెట్టాను. డ్రమ్ములు ఎలా ఉంటాయో చూద్దామని కావాలనే రీజెన్ వాడలేదు. రీజెన్ అంటే మోటార్‌నే జనరేటర్‌గా మార్చి బండి వేగాన్ని పట్టి ఉంచడం. డ్రమ్ బ్రేకుల మీద నాకు చాలా గౌరవం ఉంది. లోపలంతా మూసి ఉంటుంది, వానలోనూ బురదలోనూ ఒకేలా పట్టుకుంటాయి, ఏళ్ళ తరబడి ముట్టుకోనక్కర్లేదు. చదును దారుల్లో తిరిగేవాళ్ళకి ఈ రోజుకీ నేను అవే చెప్తాను. కానీ ఆ పొడవాటి దిగుడులో సగం దూరం వచ్చేసరికి లివర్ నొక్కాల్సిన దూరం పెరుగుతూ వచ్చింది. డ్రమ్ము వేడికి వ్యాకోచిస్తుంది, లోపలి షూలు దాన్ని అందుకోవడానికి ఇంకా దూరం జరగాలి. చివరి మలుపు దగ్గర లివర్ దాదాపు హ్యాండిల్‌కి తగిలింది. గుండె దడదడలాడింది. అప్పుడు రీజెన్ బటన్ నొక్కాను. వెనుక నుంచి ఎవరో మెత్తగా పట్టి లాగినట్టు బండి నెమ్మదించింది. చేతుల్లో టెన్షన్ మొత్తం దిగిపోయింది.

మిత్రుడు ఏం చెప్పాడో అప్పుడు అర్థమైంది. మోటార్ ఎంపిక, బ్రేకు ఎంపిక వేర్వేరు పనులు కావు.

మళ్ళీ కాగితం తీశాను. 130 కిలోలు వంద మీటర్లు కిందికి దిగితే వదిలే శక్తి సుమారు 35 వాట్ అవర్లు. 6 శాతం దిగుడులో గంటకు 30 కిలోమీటర్ల దగ్గర వేగాన్ని నిలపాలంటే, గాలి, టైర్లు తీసుకునేది పోగా, బ్రేకులు మింగాల్సింది దాదాపు 430 వాట్లు. ముందు రెండు చక్రాలే పంచుకుంటే ఒక్కోదానికి 215, అదీ నిమిషాల తరబడి. ఇంకోటి, వేగం 25 నుంచి 35కి పెరిగితే బండిలో ఉన్న శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది. మోటార్ పెట్టుకున్నాక అందరం వేగంగానే వెళ్తాం. బ్రేకులు మాత్రం పాతవే ఉంటాయి.

నా ట్రైక్‌కి ముందే 160 మిల్లీమీటర్ల డిస్కులున్నాయి. వాటిని 180కి మార్చాలా అని ఆలోచించాను. ఇక్కడ చిన్న చక్రం మళ్ళీ కలిసొచ్చింది. 20 అంగుళాల చక్రంలో 160 డిస్కు ఇచ్చే పట్టు, 26 అంగుళాల చక్రంలో 220 డిస్కు ఇచ్చే పట్టుతో సమానం. కాబట్టి పట్టుకి లోటు లేదు. కానీ వేడి విషయంలో చిన్న చక్రం ఏ సాయమూ చేయదు. అదే శక్తి అదే ఇనుప రేకులోకి వెళ్ళాలి. నా లోటు పట్టు కాదు, వేడి. దానికి మందు పెద్ద డిస్కు కంటే వెనుక మోటారే అనిపించింది.

అందుకే చివరికి గేర్డ్ మోటార్‌లోనే క్లచ్ లేకుండా గట్టిగా బిగించిన రకం తీసుకున్నాను. ఎత్తులో నెమ్మదిగా ఎక్కినా లోపలి భాగం వేగంగానే తిరుగుతుంది కాబట్టి అంతగా వేడెక్కదు. దిగుడులో రీజెన్ కూడా వస్తుంది. దీనికీ లోపాలున్నాయి. కరెంటు ఆపి తొక్కితే గేర్లనీ మోటార్‌నీ కూడా నేనే తిప్పాలి, బరువుగా ఉంటుంది. కంట్రోలర్ కొద్దిపాటి కరెంటు ఇచ్చి ఆ బరువును మాయం చేసేలా సెట్ చేసుకోవాల్సి వచ్చింది. గేర్ల గుంయ్ శబ్దం కూడా ఉంటుంది. అలవాటైపోయింది.

వైండింగ్, అంటే మోటార్ లోపలి తీగచుట్ట, ఎలాంటిదో కొనేముందు బాగా చూసుకోండి. ఒకే మోటార్‌ని వేగం ఎక్కువ రకంగానూ, తక్కువ రకంగానూ చుడతారు. రాసి ఉండే టాప్ స్పీడు చాలాసార్లు 26 అంగుళాల చక్రానికి లెక్కేసినది. నిమిషానికి 350 చుట్లు తిరిగే మోటార్ 26 అంగుళాల చక్రంలో గంటకు 43 కిలోమీటర్లు ఇస్తే, నా చక్రంలో 31 మాత్రమే ఇస్తుంది. నాకు కావాల్సింది అంతే. అయితే క్లచ్ లేని మోటార్‌లో ఒక జాగ్రత్త ఉంది: దిగుడులో ఆ వేగం దాటితే, మనం అడిగినా అడగకపోయినా మోటార్ బ్యాటరీలోకి కరెంటు తోయడం మొదలుపెడుతుంది. అందుకని దిగుడులో నేను 30 దాటను.

పళ్ళ చక్రాల విషయం కూడా చూసుకోవాలి. చాలా హబ్ మోటార్లకి మరతో బిగించే పళ్ళ చక్రాల గుత్తి, అంటే ఫ్రీవీల్, వస్తుంది, అందులో చిన్న చక్రానికి తరచుగా 14 పళ్ళుంటాయి. ముందు 44 పళ్ళతో, నిమిషానికి 70 సార్లు తొక్కితే నా బండి 20 కిలోమీటర్ల వేగానికి మించదు. క్యాసెట్, అంటే హబ్ మీదికి జరిపి తొడిగే పళ్ళ చక్రాల గుత్తి, పట్టే హబ్ అయితే 11 పళ్ళ చక్రం దొరుకుతుంది, అదే తొక్కుడుకి 25 వస్తుంది. క్యాసెట్ రకమే తీసుకున్నాను.

చక్రం అల్లడం నేనే చేశాను. పెద్ద హబ్, చిన్న రిమ్, మధ్యలో నా చిటికెన వేలి నుంచి బొటనవేలి దాకా చాచినంత కూడా లేని స్పోకులు. మామూలుగా వేసే మూడు అడ్డాల అల్లిక (ఒక్కో స్పోకు మరో మూడింటిని దాటి పోయేది) వేస్తే స్పోకు రిమ్ దగ్గరికి మరీ ఏటవాలుగా వస్తుంది, దాన్ని రిమ్‌కి బిగించే చిన్న నట్టు, అంటే నిపుల్, మెడ దగ్గర వంగి కొన్నాళ్ళకి విరుగుతుంది. ఒక్క అడ్డమే వేశాను. లావు స్పోకులు గట్టివనుకుంటాం గానీ, పొట్టి లావు స్పోకు సాగదు, ఆ భారమంతా రిమ్ రంధ్రాల మీద పడి అక్కడ చీలికలొస్తాయి. 2 మిల్లీమీటర్ల మామూలు స్పోకులే వాడాను. ఇప్పటికి ఒక్కటీ తెగలేదు.

టార్క్ ఆర్మ్ విషయంలో మాత్రం తప్పు చేశాను. మోటార్ చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. ఆ ఇరుసుని పట్టుకునేవి రెండు చదును ముఖాలు, మధ్య దూరం 10 మిల్లీమీటర్లు. దాన్ని ఫ్రేముకి కట్టి ఉంచే ఇనుప చెయ్యే టార్క్ ఆర్మ్. ఒకవైపు ఒకటి చాలనుకున్నాను. ఎక్కడానికైతే చాలేదేమో. రీజెన్‌లో బలం తిరగబడుతుంది: ఎక్కేటప్పుడు ఒక దిక్కు, దిగేటప్పుడు రెండో దిక్కు. రోజుకి వందసార్లు ఇరుసు అటూ ఇటూ కదులుతుంది. పదో రోజున, బ్రేకు లివర్ నొక్కి రీజెన్ మొదలైనప్పుడల్లా వెనుక నుంచి టక్ మని వినపడడం మొదలైంది. ఆగి పానా పెట్టి చూస్తే నట్టు చేతితో తిరిగేంత వదులైంది. ఫ్రేము గాడిలో ఇరుసు అంచు తగిలి అల్యూమినియం మీద మెరిసే గీత పడి ఉంది. ఆ రోజే రెండో వైపు కూడా టార్క్ ఆర్మ్ వేసి, ఏమాత్రం ఆట లేకుండా బిగించాను. ఆ శబ్దం మళ్ళీ రాలేదు.

రీజెన్ ఎంత పెట్టుకోవాలో కూడా ఒక తడి మలుపు నేర్పింది. టాడ్‌పోల్ బరువులో దాదాపు మూడో వంతే వెనుక చక్రం మీద ఉంటుంది. బ్రేకు వేస్తే బరువు ముందుకు జరిగి అది ఇంకా తగ్గుతుంది. అందుకే ఈ బండ్లలో అసలు బ్రేకులు ముందే ఉంటాయి, వెనుక బ్రేకు ఉన్నా నిలిపి ఉంచడానికే వాడతారు. నేను మొదట్లో సరదా కొద్దీ రీజెన్ బాగా పెంచేశాను. తడిసిన ఇసుక ఉన్న మలుపులో లివర్ తాకగానే వెనుక చక్రం పక్కకి జారింది. ట్రైక్ కాబట్టి పడలేదు, కానీ బండి అడ్డంగా తిరిగి ఆగింది. ఇంటికొచ్చి లెక్కేస్తే, వేగాన్ని నిలపడానికి కావాల్సింది 50 న్యూటన్ల లాగుడు మాత్రమే, నేను పెట్టుకున్నది దాదాపు 150. మూడో వంతుకి తగ్గించాను. దిగుడులో వేగం పెరగకుండా పట్టడం మోటార్ పని, ఆపడం ముందు డిస్కుల పని. బ్యాటరీని కూడా వెనుక క్యారియర్ మీద నుంచి తీసి సీటు వెనకాలే, వీలైనంత కిందికి మార్చాను. వెనుక ఎత్తులో బరువుంటే మలుపుల్లో ట్రైక్ లోపలి చక్రం లేవాలని చూస్తుంది.

ముందు బ్రేకులు మెకానికల్‌వే ఉంచాను. ట్రైకుల్లో విరివిగా కనిపించే అవిడ్ బీబీ7 అవి. హైడ్రాలిక్ మెత్తగా ఉంటుందన్నది నిజమే. కానీ వీటిలో రెండు వైపులా ప్యాడ్‌ని విడివిడిగా జరిపే గుండ్రటి మరలుంటాయి, ప్యాడ్లు అరిగితే రోడ్డు పక్కనే పనిముట్టు లేకుండా సరిచేసుకోవచ్చు. ప్యాడ్లు మాత్రం లోహం కలిపిన రకానికి మార్చాను, వేడిని బాగా తట్టుకుంటాయి. కుడి లివర్ కుడి చక్రానికి, ఎడమ లివర్ ఎడమ చక్రానికి. ఒకటి తెగినా రెండోది ఉంటుంది. ముందు చక్రం పక్కలకి తిరగడానికి ఆధారమైన కడ్డీని కింగ్‌పిన్ అంటారు. దాని గీతని కిందికి పొడిగిస్తే నేలని టైరు ఆనే చోటే తాకేలా అమర్చిన ట్రైకుల్లో ఒక్క బ్రేకు వేసినా హ్యాండిల్ పెద్దగా గుంజదు. నాదీ అలాంటిదే.

రెండూ సమానంగా పట్టేలా చేయడానికి ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. డిస్కు వెనుక తెల్ల కాగితం పెట్టి, ఒంటి కన్ను మూసి, ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య వెలుతురు గీతని చూస్తూ మరని ఒక్కో క్లిక్కు తిప్పాను. రెండు వైపులా గీత వెంట్రుక మందాన సమానంగా కనిపించాక, చక్రం తిప్పి చెవి పెట్టాను. స్స్ అని ఎక్కడైనా రాస్తే ఒక క్లిక్కు వెనక్కి. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఇరవైసార్లు, వేగం అందుకుని, చక్రం బిగుసుకోకుండా నెమ్మదిగా ఆపాను. కొత్త ప్యాడ్లు డిస్కుకి అలా అలవాటు పడాలి. మొదటి అయిదుసార్లు పట్టు దాదాపు లేదు. పదిహేనోసారికి వేళ్ళకి తేడా స్పష్టంగా తెలిసింది.

లివర్లు రెండింటిలోనూ మోటార్‌ని ఆపే స్విచ్ ఉన్నవే తీసుకున్నాను. లివర్ కొద్దిగా నొక్కగానే ముందు రీజెన్ మొదలవుతుంది, ఇంకా నొక్కితే డిస్కులు పట్టుకుంటాయి. పార్కింగ్ లాక్ వేసి ఉన్నంతసేపూ ఆ స్విచ్ నొక్కే ఉంటుంది కాబట్టి, పొరపాటున థ్రాటిల్ తాకినా మోటార్ కదలదు. ఏటవాలు నేల మీద ట్రైక్‌ని నిలిపేటప్పుడు ఈ ఏర్పాటు ఎంత ధీమా ఇస్తుందో చెప్పలేను.

ఇవన్నీ అయ్యాక, ఎత్తు మీద రాత్రి బస చేసి, పొద్దున్నే బ్యాటరీ నిండుగా ఛార్జ్ చేసుకుని దిగడం మొదలుపెట్టాను. లివర్ కొద్దిగా నొక్కాను. ఏమీ లేదు. వెనుక నుంచి లాగే ఆ మెత్తని చెయ్యి రాలేదు. క్షణం సేపు ఏదో తెగిపోయిందనుకున్నాను. డిస్‌ప్లే మీద 54.6 వోల్టులు చూశాక అర్థమైంది: నా 48 వోల్టుల బ్యాటరీ నిండితే చూపించే అంకె అది. నిండిన బ్యాటరీలోకి ఇంకా తోయకుండా కంట్రోలర్ రీజెన్‌ని ఆపేసింది. ఆ దిగుడు మొత్తం డిస్కుల మీదే దిగాను, 20 దాటకుండా, మధ్యలో రెండుసార్లు ఆగి. రెండోసారి ఆగినప్పుడు సీసాలోంచి ఒక చుక్క నీళ్ళు డిస్కు మీద వేస్తే చుయ్ మని ఆవిరైపోయింది. అయినా లివర్ మొదట్లో ఎంత దగ్గర పట్టుకుందో చివరి మలుపులోనూ అక్కడే పట్టుకుంది.

ఇప్పుడు పై నుంచి బయల్దేరే రోజుల్లో ఛార్జింగ్ 85 శాతం దగ్గరే ఆపేస్తున్నాను. నిన్న అదే ఎత్తు ఎక్కి దిగాను. పైకి చేరేసరికి మోటార్ లోపల 74 డిగ్రీలు. కిందికి వచ్చాక డిస్కు మీద వేసిన నీటి చుక్క ఆవిరవలేదు, జారి నేల మీద పడింది.